కర్త లేని వాక్యం

ఆదివారం అనుబంధాల ఆరోగ్యం పేజీల్లో ఒక వాక్యం కొన్నేళ్లుగా తిరుగుతోంది. మాటలు కాస్త అటూ ఇటూ అయినా దాని నిర్మాణం మారదు. 'గర్భిణిగా ఉన్నప్పుడు ప్లాస్టిక్ రసాయనాల ప్రభావానికి గురైన స్త్రీలకు పుట్టే ఆడపిల్లల్లో సంతాన సామర్థ్యం తగ్గే అవకాశం ఉంది' అనే తరహా వాక్యం అది. బళ్లో తెలుగు అయ్యవారు నేర్పినట్టు ఇందులో కర్త ఎవరని వెతికితే దొరికేది 'అవకాశం' ఒక్కటే. ఉన్నది అవకాశం. గురైనది స్త్రీ. తగ్గేది ఆమె కూతురి సామర్థ్యం. ఆ రసాయనాన్ని తయారు చేసినవాళ్లు, అమ్మినవాళ్లు, అమ్ముకోవచ్చని అనుమతి ఇచ్చినవాళ్లు వాక్యంలోకి రానే రారు. 'గురి కావడం' అన్న మాటనే చూడండి. గురి అంటే బాణం తగలాల్సిన చోటు. బాణం వేసినవాళ్లను చెప్పకుండా తగిలిన చోటును మాత్రం చూపించే మాట అది. 1990లో స్త్రీవాద కవిత్వ సంకలనానికి 'గురిచూసి పాడేపాట' అని పేరు పెట్టుకున్న భాష మనది. అదే భాషలో, వైద్య వార్తల దగ్గరికి వచ్చేసరికి, మళ్లీ గురి మనమే అయ్యాం.

ఈ విషయం మీద గత ముప్పై ఏళ్లలో వచ్చిన కొన్ని పుస్తకాలను వేంపల్లెలో కూర్చుని చదివాను. నేను సైన్సు చదువుకోలేదు, సాహిత్యం చదువుకున్నదాన్ని. కాబట్టి వాటిని కథనాలుగానే చదివాను. కథ ఎక్కడ మొదలవుతోంది, ఎవరి గొంతుతో నడుస్తోంది, నేరం చివరికి ఎవరి కొంగుకు ముడిపడుతోంది అన్నవే నా ప్రశ్నలు.

ముందు శాస్త్రం చెబుతున్నదేమిటో చూద్దాం. ఆడశిశువు తల్లి కడుపులో ఉండగానే ఆమె అండాశయాల్లో అండాలు తయారైపోతాయి. ఇరవై వారాల పిండంలో అవి అరవై డెబ్భై లక్షల దాకా ఉంటాయి. పుట్టేనాటికి పది ఇరవై లక్షలకు తగ్గుతాయి, పెద్దమనిషి అయ్యేనాటికి మూడు నాలుగు లక్షలు మిగులుతాయి. అంటే మా అవ్వ మా అమ్మను మోస్తున్నప్పుడే, నేను ఏ అండంలోంచి వచ్చానో అది కూడా అవ్వ కడుపులోనే ఉంది. మూడు తరాల ఆడవాళ్లు ఒకే చీర కుచ్చెళ్ల వెనక ఉన్నారు. వంశవృక్షాలు గీసే మగవాళ్ల చరిత్రకు ఎన్నడూ అందని సంగతి ఇది. మా అవ్వ కాలంలో ఇంట్లో ప్లాస్టిక్ వస్తువు ఒక్కటి కూడా లేదు. తాగడానికి మట్టికడవ, మోయడానికి ఇత్తడి బిందె. కానీ ఇప్పుడు ఇరవై ఏళ్ల అమ్మాయి సంగతి వేరు. ఆమె అండం రూపుదిద్దుకున్నది వాళ్లమ్మ పిండంగా ఉన్నప్పుడు, అంటే సుమారు 1980 ప్రాంతంలో, ఇత్తడి బిందెల పక్కకు రంగురంగుల ప్లాస్టిక్ బిందెలు వచ్చి చేరుతున్న కాలంలో. ఇక ఆమె కడుపున పుట్టబోయేదాని అండాల మాట చెప్పనక్కరలేదు.

ఈ కథలో మొదటి పాత్ర ప్లాస్టిక్ కాదు, మందు. చార్లెస్ డాడ్స్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త 1930లలో ఈస్ట్రోజెన్‌లా పనిచేసే కృత్రిమ పదార్థాల కోసం వెతికాడు. 1936లో అతను పరీక్షించినవాటిలో బిస్ఫినాల్ ఏ కూడా ఒకటి. అది ఈస్ట్రోజెన్‌లా పనిచేసింది, కానీ బలహీనంగా. 1938లో అంతకన్నా ఎంతో బలమైన డైఇథైల్‌స్టిల్‌బెస్ట్రాల్ దొరికింది. ముందుదాన్ని పక్కన పెట్టారు. రెండోది, డి.ఇ.ఎస్. అని పిలిచే మందు, గర్భస్రావాలను ఆపుతుందని అమెరికాలో లక్షల మంది గర్భిణులకు రాశారు. 1953లో షికాగో విశ్వవిద్యాలయం పరీక్ష చేసి దానివల్ల గర్భస్రావాలు ఆగడం లేదని తేల్చింది. ఆ పరీక్షలో ఆ మందు మింగిన స్త్రీలకు తామేం మింగుతున్నారో తెలియదని తర్వాత కోర్టుకెక్కిన కేసులో బయటపడింది. ఆగదని తేలాక కూడా మందు ఆగలేదు. 1971లో, ఆ తల్లులకు పుట్టిన ఆడపిల్లల్లో అరుదైన యోని క్యాన్సర్ కనిపించాకనే అమెరికా ప్రభుత్వం వద్దంది. 2011లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం ఆ కూతుళ్లలో 33 శాతం మందికి సంతానలేమి సమస్య వచ్చింది. ఆ మందు సోకని వాళ్లలో అది 15 శాతం. తల్లి కడుపులో ఉండగా తగిలిన కృత్రిమ హార్మోను కూతురి గర్భాశయాన్ని మార్చగలదన్నది ఊహ కాదని మనుషుల్లోనే రుజువైంది ఈ కేసులోనే.

పక్కన పెట్టిన బిస్ఫినాల్ ఏ 1950లలో ఇంకో దారిలో ఇంట్లోకి వచ్చింది. దానితో పాలీకార్బొనేట్ అనే గట్టి, పారదర్శకమైన ప్లాస్టిక్ తయారవుతుందని కనిపెట్టారు. పాలసీసాలు, నీళ్ల క్యాన్లు, డబ్బాల లోపలి పూత. హార్మోనుగా పనిచేస్తుందని ముందే తెలిసిన పదార్థం పాత్రగా మారి వంటింట్లో కూర్చుంది. 1998లో అమెరికాలో పాట్రీషియా హంట్ అనే జన్యు శాస్త్రవేత్త ప్రయోగశాలలో, ఏ ప్రయోగం చేయని మామూలు ఎలుకల అండాల్లో హఠాత్తుగా లోపాలు పెరిగాయి. ఒకటి రెండు శాతం ఉండాల్సిన క్రోమోజోముల అస్తవ్యస్తత నలభై శాతానికి చేరింది. కారణం వెతికితే, ఎవరో పొరపాటున వేరే డిటర్జెంటుతో బోనులు కడిగారని, ఆ ప్లాస్టిక్ కరిగి బిస్ఫినాల్ ఏ బయటికి వచ్చిందని తేలింది. 2003లో ఆమె దాన్ని ప్రచురించింది. 2007లో ఆమె బృందమే గర్భంతో ఉన్న ఎలుకలకు ఆ రసాయనం ఇస్తే కడుపులోని ఆడపిండాల అండాలు దెబ్బతింటాయని, ఫలితం మనవల తరంలో బయటపడుతుందని చూపింది. 2012లో కోతుల పిండాల్లోనూ అండాశయాల ఎదుగుదలలో మార్పులు కనిపించాయి. ఆ తర్వాత 'బి.పి.ఏ. లేదు' అని రాసి వేరే బిస్ఫినాళ్లతో చేసిన సరుకు వచ్చింది. 2018లో హంట్ ప్రయోగశాలలో, ఈసారి వేరే రకం బోనులతో, దాదాపు అదే కథ పునరావృతమైంది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ప్లాస్టిక్ రసాయనాల విషయంలో ఎలుకల మీద, కోతుల మీద ఉన్నంత గట్టి సాక్ష్యం స్త్రీల మీద ఇంకా లేదు. ఇరవై ముప్పై ఏళ్లు వెంట నడవకుండా దొరికే సాక్ష్యం కాదది. 2021లో ఇటలీలో ఆరుగురు బాలింతల మాయలను పరీక్షిస్తే నాలుగింట్లో సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు దొరికాయి. బిడ్డను కాపాడే పొరకు 'మాయ' అని పేరు పెట్టిన మన పూర్వులు ఎంత దూరం ఆలోచించారో గానీ, అది అడ్డుకుంటుందన్న నమ్మకం మాత్రం మాయే అయింది. రేణువులు ఉన్నాయన్నంత వరకే ఆ అధ్యయనం చెప్పింది. అవి ఏం చేశాయన్నది చెప్పలేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కూడా 2020లో ప్లాస్టిక్ రసాయనాలు పిండం తొలిదశ మీద చూపే ప్రభావం గురించి సమీక్షా వ్యాసం రాశారు. అంటే ఇది మనకు సంబంధం లేని దూరదేశపు ఆందోళన కాదు. ఇక పుస్తకాల దగ్గరికి వస్తాను.

థియో కోల్‌బార్న్ మరో ఇద్దరితో కలిసి 1996లో రాసిన 'అవర్ స్టోలెన్ ఫ్యూచర్' ఈ రంగానికి మొదటి పెద్ద కథనం. నిర్మాణం అపరాధ పరిశోధక నవలది. పక్షులు, మొసళ్లు, సీల్ చేపలు, ఒక్కొక్క ఆధారం దొరుకుతూ పోతుంది, దొంగ ఎవరన్న ఉత్కంఠ పెరుగుతుంది. కోల్‌బార్న్ పెద్ద వయసులో, మనవలున్న స్త్రీగా, డాక్టరేటు చేసి ఈ పనిలోకి వచ్చింది. అందుకు ఆమె మీద నాకు అపారమైన గౌరవం. కానీ శీర్షికలోని 'మన భవిష్యత్తు'లో 'మన' ఎవరు? దొంగతనానికి గురైనది మానవజాతి మొత్తం అనేసరికి, సరుకును తయారుచేసే దేశం, దాని చెత్తను దిగుమతి చేసుకునే దేశం, ఆ చెత్త ఏరే స్త్రీ అందరూ ఒకే బాధితులైపోతారు. దొంగ కోసం ఇంత వెతికిన నవల చివర్లో దొంగను 'ఆధునిక జీవనం' అనే పొగమంచులో వదిలేస్తుంది.

శానా స్వాన్ 2021లో రాసిన 'కౌంట్ డౌన్' ఇంకో దారి పట్టింది. ఉపశీర్షికలో మొదట వచ్చేది వీర్యకణాల సంఖ్య. స్త్రీ, పురుషుల ఎదుగుదల తర్వాత వస్తుంది, మానవజాతి భవిష్యత్తు చివర్లో వస్తుంది. స్వాన్ కు పేరు తెచ్చిన పరిశోధనలు కూడా అవే. తల్లుల శరీరంలోని థాలేట్లకు, మగశిశువుల జననాంగాల కొలతకు సంబంధం ఉందని 2005లో చూపింది. 1973 నుంచి 2011 దాకా పాశ్చాత్య దేశాల మగవాళ్లలో వీర్యకణాల సాంద్రత సగానికి పైగా పడిపోయిందన్న 2017 అధ్యయనంలోనూ ఆమె ఉంది. ఆ రెండూ విలువైనవే. అయితే ప్రపంచం ఉలిక్కిపడింది మగవాడి లెక్క తగ్గినప్పుడే అన్నది గమనించకుండా ఉండలేను. వీర్యకణాలను సూక్ష్మదర్శిని కింద లెక్కపెట్టవచ్చు. పిండంలోని అండాశయం కనపడదు, లెక్కకు రాదు. కనపడనిదాని నష్టం గురించి గగ్గోలు పుట్టదు. పైగా ఈ పుస్తకంలో మగతనం తగ్గడం, ఆడ మగ తేడాలు చెరిగిపోవడం అనే భయం చాలా పేజీల్లో పారుతుంది. ఈ రసాయనాల చర్చలో దాగిన 'సహజమైన శరీరం' అనే భావనను జియొవాన్నా డి కిరో 2010లోనే విమర్శించింది. క్యాన్సర్లు, ఆస్తమా, గుండెజబ్బుల కన్నా లింగ స్వభావాలు మారతాయన్న భయాన్నే ముందుకు నెడితే, ఆ భయం చివరికి వికలాంగుల మీద, ట్రాన్స్ మనుషుల మీద పడుతుందన్నది ఆమె వాదన. స్వాన్ ను చదివేటప్పుడు ఈ వాదనను పక్కన పెట్టుకుని చదవాలి.

నా దృష్టిలో అన్నిటికంటే మంచి పుస్తకం శాండ్రా స్టైన్‌గ్రేబర్ 2001లో రాసిన 'హావింగ్ ఫెయిత్'. ఆమె జీవశాస్త్రవేత్త, కవయిత్రి, చిన్న వయసులోనే క్యాన్సర్ వచ్చి బయటపడిన మనిషి. తన గర్భాన్ని నెల నెలా నమోదు చేస్తూ రాసింది. ఉమ్మనీటి పరీక్ష చేసినప్పుడు, గాజు గొట్టంలోని ఆ నీటిని చూస్తూ, అది తను తాగిన నీరే, నీరంటే వాగులు, వర్షాలు, పొలాల కింది ఊటలే అని ఆలోచిస్తుంది. నీటిలో ఏమున్నా ఉమ్మనీటిలో ఉంటుంది. ఆ పుటల్లో ఆమె వ్యక్తి నుంచి వాగుకు, వాగు నుంచి కంపెనీకి నడుస్తుంది. ఇదంతా చదువుతున్నప్పుడు మా ఊళ్లో ఆడవాళ్లు మాట్లాడుకునే మాట గుర్తుకొచ్చింది. ఒక అమ్మాయికి నెల తప్పితే 'నీళ్లు పోసుకుంది' అంటారు. ఆమె ఎన్నో పేజీల్లో చెప్పిన సంగతిని ఆ రెండు మాటల్లో దాచుకుంది మన భాష. ఆ నీళ్లు ఎక్కడివి అని మనం ఎప్పుడూ అడగలేదు, అంతే.

వేంపల్లెలో ఇప్పుడు ఆ నీళ్లు ఎక్కువగా ఇరవై లీటర్ల క్యాన్లోంచి వస్తాయి. రాయలసీమలో బోరు నీళ్లు చాలా చోట్ల ఉప్పో, ఫ్లోరైడో. తాగితే కీళ్లు పట్టేసే నీళ్లకూ, ఎండలో ఆటో మీద తిరిగొచ్చిన ప్లాస్టిక్ క్యానుకూ మధ్య ఎంచుకోమంటే ఎవరైనా క్యానే ఎంచుకుంటారు. సాయంత్రం పూట వేడి టీని పలుచని పాలిథీన్ కవరులో పోయించుకుని పనిచోటుకు తీసుకుపోవడం, హోటలు సాంబారు అదే కవరులో కట్టించుకోవడం ఇక్కడ ఎవరికీ వింత కాదు. అరటితోటల్లో గెలలకు కవర్లు తొడుగుతారు, డ్రిప్పు పైపులు ఎండలో పరుచుకుని ఉంటాయి, వాటిని తీసేది, చుట్టేది, చింపి పడేసేది ఎక్కువగా కూలికొచ్చిన ఆడవాళ్లే. ఇలాంటిచోట 'ప్లాస్టిక్ వాడకండి, గాజు సీసాలు కొనండి, వేడి చేయకండి' అని గర్భిణులకు ఇచ్చే సలహా ఎవరికి? సలహా వినగలిగిన ఆడది వింటుంది. వినలేని ఆడదానికి పుట్టిన కూతురు రేపు పిల్లలు కలగక ఆసుపత్రి చుట్టూ తిరిగితే, నేరం 'ఆమె తల్లి అప్పుడు జాగ్రత్త పడలేదు' అన్నచోట ఆగుతుంది. గర్భస్థ ప్రభావాల పరిశోధన ఎలా తల్లులను దోషులను చేస్తోందో సారా రిచర్డ్‌సన్, మరికొందరు పరిశోధకులు 2014లో 'నేచర్' పత్రికలో రాశారు. 2021లో రిచర్డ్‌సన్ ఆ వాదనను 'ది మెటర్నల్ ఇంప్రింట్' అనే పుస్తకంగా విస్తరించింది. తండ్రి తాగిన, పీల్చిన, పని చేసిన సంగతులు పరిశోధనలో ఎంత తక్కువగా కనిపిస్తాయో అందులో చదవవచ్చు.

తల్లిని దోషిని చేయడం మన దగ్గర కొత్త విద్య కాదు. వేంపల్లె పక్కన పారే ఏటి పేరు పాపఘ్ని. పాపాలను హరించేది అని అర్థం. పిల్లలు లేని ఆడదాన్ని చూసి 'ఏ జన్మలో ఏ పాపం చేసిందో' అనని ఊరు మన దగ్గర లేదు. 'గొడ్రాలు' అన్న మాటకు మగ రూపం ఉందా? పశువుకు వాడే మాటను మనిషికి, అందులో ఆడమనిషికి మాత్రమే వాడాం. చెట్లకు ఉయ్యాలలు కట్టించాం. ఇప్పుడు ఆ బుల్లి ఉయ్యాలలు కూడా గుడిముందు అంగళ్లలో ప్లాస్టిక్‌వే దొరుకుతున్నాయి. ఇక్కడ ప్లాస్టిక్ కథ మన పాత కథతో ఎంత సులువుగా కలిసిపోతుందో చూడండి. పూర్వజన్మ పాపం అనే చోట అవ్వ కడుపులో సోకిన రసాయనం వచ్చి కూర్చుంటుంది. రెండింటిలోనూ బాధపడేది ఇప్పటి ఆడది, కారణం ఆమె చేతిలో లేని గతంలో ఉంది, మందు లేదు, మార్గం శుద్ధిగా ఉండటమే. అప్పుడు ఉపవాసం, ఇప్పుడు గాజు సీసా.

అయినా ఆ రెండూ ఒకటి కావు. కర్మకు కర్త ఉండడు. రసాయనానికి ఉంటాడు. దాన్ని ఏ సంవత్సరం కనిపెట్టారో, హార్మోనులా పనిచేస్తుందని ఏ సంవత్సరం తెలిసిందో, తెలిశాక ఎన్నేళ్లు అమ్మారో రికార్డుల్లో ఉంటుంది. అందుకే ఈ కథనాన్ని కర్మ భాషలోకి జారనివ్వడం అమాయకమైన పొరపాటు కాదు, ఎవరికో ఉపయోగపడే పని.

మన స్త్రీవాద సాహిత్యం ఈ పని ఇంతకు ముందు చేసింది. కొండేపూడి నిర్మల 'లేబర్ రూం' రాసినప్పుడు, పాటిబండ్ల రజని 'అబార్షన్ స్టేట్‌మెంట్' రాసినప్పుడు గర్భం రహస్యంగా, పవిత్రంగా ఉండటం మానేసి మాట్లాడటం మొదలుపెట్టింది. అంతకు ముందే, 1985లో, పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే హార్మోను ఇంజెక్షన్ పరీక్షకు స్త్రీలను అసలు విషయం చెప్పకుండా చేర్చుకుంటున్నారని స్త్రీశక్తి సంఘటన కార్యకర్తలు బయటపెట్టారు. 1986లో ఇతర సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లారు. షికాగోలో ఏం మింగుతున్నారో తెలియని స్త్రీలకూ, పటాన్‌చెరులో ఏం పొడిపించుకుంటున్నారో తెలియని స్త్రీలకూ మధ్య ముప్పై ఏళ్లకు పైగా కాలం, సముద్రాలు ఉన్నాయి. ప్రశ్న ఒక్కటే. ఆ తర్వాత స్త్రీశక్తి సంఘటన, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ తెచ్చిన 'సవాలక్ష సందేహాలు' మన శరీరం గురించి మనకు మన భాషలో చెప్పింది. జాతీయ పోషకాహార సంస్థలో పనిచేసిన వీణా శత్రుఘ్న లాంటి వైద్యులు ఆ ఆరోగ్య ఉద్యమంలో భాగం. ఆ పుస్తకం వచ్చిన కాలానికి ప్లాస్టిక్ రసాయనాల ప్రశ్న ఇంకా తెరమీదికి రాలేదు. ఇప్పుడు వచ్చింది. రాసేవాళ్లు రావాలి.

రాయడంలో ఒక ఇబ్బంది ఉంది. దాన్ని దాచిపెట్టకుండా చర్చించుకోవాలి. మన ఉద్యమం పిల్లలు వద్దనే హక్కు కోసం పోరాడింది. స్త్రీ విలువను గర్భంతో కొలవకూడదని అన్నది. ఇప్పుడు 'సంతాన సామర్థ్యం తగ్గుతోంది' అని మనమే ఆందోళన చెందితే, ఆ కొలబద్దను మళ్లీ చేతికి తీసుకున్నట్టు అవుతుందా? ఈ రాష్ట్రంలో ఈ ప్రశ్నకు చాలా బరువుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో దాదాపు 9 శాతం మందికి గర్భసంచి తీసేశారు, దేశంలో అదే అత్యధికం. 2019-21 సర్వేలో పెళ్లయిన స్త్రీలలో ఇంచుమించు 70 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు. సగటున ఒక స్త్రీకి పిల్లలు 1.7. ముప్పై ఏళ్లు ఇద్దరికన్నా ఎక్కువ పిల్లలుంటే పంచాయతీలో పోటీ చేయకూడదన్న రాష్ట్రం 2024 నవంబరులో ఆ నిబంధన తీసేసి, ఎక్కువమందిని కనమని చెప్పడం మొదలుపెట్టింది. గర్భసంచులు వేలకు వేలు తీసేస్తున్నప్పుడు తగ్గని సంతాన సామర్థ్యం, జనాభా లెక్కల్లో ఓటూ పనిచేతులూ తగ్గుతాయనగానే తగ్గిపోయింది. రాజ్యం చేసే ఈ లెక్కలో ప్లాస్టిక్ రసాయనాలు చేరితే, అది మన ఆరోగ్యం కోసం చేరినట్టు కాదు. పిల్లలు కనాలా వద్దా అని నిర్ణయించుకునే వీలు శరీరంలో మిగిలి ఉండటం హక్కు. కనాల్సిన బాధ్యత వేరు. మొదటిదాని గురించి మాట్లాడేటప్పుడు రెండోదాని పదజాలం వాడకుండా రాయగలగాలి. అది కథలో సాధ్యమని నా నమ్మకం, సర్వేలో సాధ్యం కాదు.

వేంపల్లె సాహిత్యానికి కొత్త ఊరు కాదు. కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం తెలుగులో మొదటి రెండేళ్లూ, 2011లో వేంపల్లి గంగాధర్ 'మొలకల పున్నమి'కీ, 2012లో వేంపల్లె షరీఫ్ 'జుమ్మా'కూ వచ్చింది. సీమ కథ అంటే కరువు, వలస, కక్షలు, నీళ్లు. నీళ్లు లేకపోవడం గురించి సీమ కథ రాసినంత ఎవరూ రాయలేదు. నీళ్లలో ఏముందన్నది మాత్రం ఇంకా మన కథకు పూర్తిగా వస్తువు కాలేదు. కొట్టాల దగ్గర తుమ్మలపల్లె యురేనియం శుద్ధి కర్మాగారపు వ్యర్థాల చెరువు ఉంది. చుట్టుపక్కల పల్లెల వాళ్లు బోరు నీళ్లు చెడ్డాయని, తోటలు ఎండాయని, ఒంటిమీద దద్దుర్లు లేస్తున్నాయని ఏళ్ల తరబడి ఫిర్యాదు చేశారు. సంస్థ తమవల్ల కాదంది. చెరువు అడుగున పాలిథీన్ పొర పరచాలన్న షరతు పాటించారా లేదా అన్నది ఆ వివాదంలో ముఖ్యమైన అంశం. ప్లాస్టిక్ లేకపోవడం నేరమైన చోటు అది. యురేనియం వేరు, బిస్ఫినాల్ వేరు, రెండింటినీ కలిపి ఒకే 'విషం' అని రాయడం బద్ధకం. కొట్టాలను ఇక్కడ తెచ్చింది ఒక తేడా చూపడానికే. అక్కడ గేటు మీద పేరు రాసి ఉంది. నోటీసు ఎవరికి పంపాలో కాలుష్య నియంత్రణ మండలికి తెలుసు. నీళ్ల క్యాను అడుగున మాత్రం త్రికోణంలో ఒక అంకె ఉంటుంది, అంతే.

ఇక్కడ మన భాష ఒక సాయం చేస్తుంది. తెలుగులో ప్రేరణార్థకం ఉంది. తాగింది, తాగించారు. మోసింది, మోయించారు. మింగింది, మింగించారు. ఒక్క 'ఇంచు' చేరితే వాక్యంలోకి ఇంకో మనిషి వచ్చి నిలబడతాడు. 'గర్భిణి ప్లాస్టిక్ రసాయనాలకు గురైంది' అన్నచోట 'గర్భిణి చేత ప్లాస్టిక్ రసాయనాలు తాగించారు' అని రాసి చూడండి. అర్థం మారలేదు, సాక్ష్యం మారలేదు. కానీ చదివినవాళ్లు 'ఎవరు?' అని అడిగి తీరతారు.

ఆ ప్రశ్నకు చట్టాలు ఇచ్చిన జవాబు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. 2015లో భారత ప్రమాణాల సంస్థ పాలసీసాల్లో బిస్ఫినాల్ ఏ ఉండకూడదని ప్రమాణం మార్చింది. యూరప్ 2011లోనే పాలసీసాల్లో ఆపింది. 2023లో అక్కడి ఆహార భద్రతా సంస్థ రోజుకు శరీరంలోకి వెళ్లదగిన పరిమాణాన్ని అంతకు ముందున్నదానికన్నా ఇరవై వేల రెట్లు తగ్గించింది. 2024 డిసెంబరులో ఆహారానికి తగిలే సరుకుల్లో ఆ రసాయనం మీద నిషేధం తెచ్చింది. మన దగ్గర పాలసీసా దగ్గరే ఆగాం. సీసా పట్టే వయసు వచ్చేసరికి ఆ పాప అండాశయంలో చేరాల్సినవన్నీ చేరిపోయి ఉంటాయి. చట్టానికి పుట్టిన బిడ్డ కనిపించింది. ఆ బిడ్డను మోస్తూ క్యాను వంచుకుని నీళ్లు తాగిన తల్లి కనిపించలేదు.

'హావింగ్ ఫెయిత్'లో ఉమ్మనీటి అధ్యాయాన్ని తెలుగులోకి తేవాలని మొదలుపెట్టాను. ప్రేరణార్థకంతో వాక్యాలు బాగానే నడుస్తున్నాయి. చిక్కల్లా 'తాగించారు'లోని 'వారు' దగ్గర. తెలుగు ఆ బహువచనంలో ఎవరినైనా దాచగలదు, గౌరవం కూడా ఇచ్చి దాచగలదు. 'తయారీదారులు' అంటే అగ్గిపెట్టె మీది చిరునామాలా ఉంది. 'పరిశ్రమ' అంటే మళ్లీ మనిషి మాయమవుతున్నాడు. చిత్తుప్రతి చదివి వినిపిస్తే మా చిన్నమ్మ 'కంపెనీవోళ్లు అని రాయి, అదే మాకు తెలిసిన మాట' అంది. ప్రస్తుతానికి అదే ఉంచాను, ఏకవచన క్రియతో.